హాల్డేన్ మహాశయుడు – బొబ్బల వాయువు

ప్రతి యేటా ఉగాది సంచికలో ఒక మహనీయుని జీవితాన్ని పరిచయం చేయడం మన సంఘానికి ఆనవాయితీ. ఈ యేడు ఆ పని మాకు అప్పగించినప్పుడు కార్యదర్శిగారు ఏ కవినో, ఏ దేశభక్తునో ఆశించి ఉంటారు. మేము ఎన్నుకున్నది ఇంగ్లండులో పుట్టిన ఒక శాస్త్రజ్ఞుని. పేరు జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్. లోకం ఆయనను జె. బి. ఎస్. హాల్డేన్ అని పిలుస్తుంది. మేము చదివినది మెట్రిక్ వరకే. చేసేది రైల్వేలో గుమాస్తా పని. ఇటువంటివారికి అంతటి పండితునితో పనేమిటని మీరు అడగవచ్చు. దానికి రెండు కారణాలున్నవి.

మొదటిది ఇంటి కారణం. మా అత్తవారిది కాకినాడ. అక్కడి రంగరాయ మెడికల్ కాలేజిలో చదివిన మా బావమరిది ఒకనాడు మాటల మధ్య, హాల్డేన్ మరణించిన తరువాత వారి దేహం తమ కాలేజికే వచ్చినదని చెప్పాడు. అంతటివాడు తన శరీరాన్ని వీలునామా రాసి మన గోదావరి సీమకు ఇచ్చుకోవడమేమిటని మేము విస్తుపోయాము.

రెండవది ఆఫీసు కారణం. మూడేళ్ళ క్రిందట మేము పనిచేసే పార్సిలు ఆఫీసులో ఒక డబ్బా కారింది. రశీదులో ఉన్నది నూనె అన్న ఒక్క మాట. నేల జారుతున్నదని, తుడిచెయ్యమని హమాలీకి చెప్పినది మేమే. అతడు గోనెగుడ్డతో శుభ్రంగా తుడిచాడు. ఆ పూట ఏమీ కాలేదు. మరునాటికి అతని అరచేయి, ముంజేయి బొబ్బలెక్కి, వారం పైన పనిలోకి రాలేకపోయాడు. అది జీడిపిక్కల పెంకుల నుండి తీసిన నూనె అని తరువాత తెలిసినది. చాకలివారు బట్టలకు గుర్తుపెట్టే నల్లజీడి రసం సంగతి మన ఇళ్ళలో పెద్దలకు తెలియనిది కాదు. అంటినప్పుడు ఊరకుండి, మరునాడో మూడోనాడో పొక్కుతుంది. తెలిసి కూడా మేము అడగలేదు, చూడలేదు. ఆ బాధతో, ఒంటిని ఇట్లా ఆలస్యంగా పొక్కించే పదార్థాలను గురించి చదవడం మొదలుపెట్టాము. చదవగా చదవగా యుద్ధంలో వాడిన మస్టర్డు గ్యాసు వద్దకు వచ్చాము. అక్కడ మళ్ళీ హాల్డేన్ పేరే ఎదురైనది!

హాల్డేన్ 1892 నవంబరు 5వ తేదీన ఆక్స్‌ఫర్డులో జన్మించారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ గారు శ్వాసక్రియలో నిపుణులు. బొగ్గుగనులలో కూలీలు ఏ గాలి పీల్చి చనిపోతున్నారో తెలుసుకొనడానికి స్వయంగా గనులలోకి దిగి, ఆ గాలులను తామే పీల్చి చూసేవారు. కుమారుని కూడా చిన్నతనం నుండే వెంట తీసుకొని పోయేవారు. ఒకమారు గనిలో పైకప్పు దగ్గర మండే వాయువు పేరుకొని ఉన్నచోట పిల్లవానిని నిలబెట్టి, షేక్స్పియరు నాటకంలోని ఉపన్యాసం ఒకటి అప్పజెప్పమన్నారు. కొన్ని పాదాలు చదివేసరికి పిల్లవాడు రొప్పుతూ కూలబడ్డాడు. నేలమీద మంచిగాలి ఉండటంచేత తేరుకున్నాడు. ఆ వాయువు గాలికంటే తేలిక అన్న పాఠం ఆ పిల్లవానికి పుస్తకంలో రాలేదు, ఊపిరిలో వచ్చింది. ఏ పరీక్షయినా ముందు తన ఒంటిమీద చేసుకోవాలన్న నియమం హాల్డేన్‌కు తండ్రి ఇచ్చిన ఆస్తి.

ఈటన్ పాఠశాలలోను, ఆక్స్‌ఫర్డులోను గణితం, ప్రాచీన సాహిత్యం చదివి, 1914లో యుద్ధం రాగానే బ్లాక్ వాచ్ పటాలంలో చేరారు. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలో ఈప్రె పట్టణం వద్ద జర్మన్లు క్లోరిన్ వాయువును వదిలారు. తెరలు తెరలుగా వచ్చిన ఆ పచ్చని గాలికి సైనికులు ఊపిరాడక పడిపోయారు. గాలి సంగతి తెలిసినవారు కావాలని ప్రభుత్వం తండ్రి హాల్డేన్‌ను పిలిపించింది. ఆయన కుమారుని రప్పించుకున్నారు. అద్దాల గదిలో క్లోరిన్ నింపి, తండ్రీకొడుకులు, మరికొందరు అందులో కూర్చొని, ముసుగు ఉంటే ఎంతసేపు ఉండగలము, లేకుంటే ఎంతసేపు అని చూసుకున్నారు. ఆ ఆయాసం తీరకముందే చిన్న హాల్డేన్ తన పటాలాన్ని కలుసుకొని, మే నెలలో గాయపడ్డారు. తరువాత మెసపొటేమియాలో మరల గాయపడి, కోలుకొనేందుకు ఇండియాకు వచ్చారు. మన దేశంతో వారి మొదటి పరిచయం అది.

వారు ఫ్రాన్సు, బెల్జియం రణరంగాలకు దూరంగా ఉన్న ఆ కాలంలోనే, 1917 జులై 12 రాత్రి, అదే ఈప్రె వద్ద జర్మన్లు కొత్త గుండ్లు ప్రయోగించారు. వాటిపై పసుపుపచ్చని శిలువ గుర్తు ఉండేది. వాటిలోనిదే మస్టర్డు గ్యాసు. ఈప్రె పేరుమీద యిపరైట్ అని కూడా అన్నారు. దీని స్వభావం కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

పేరులో మస్టర్డు ఉన్నదేగాని మన పోపులపెట్టెలోని ఆవాలతో దీనికి ఏ సంబంధమూ లేదు. ఆవపిండివలెనో వెల్లుల్లివలెనో వాసన కొట్టడంచేత సైనికులు ఆ పేరు పెట్టారు. పేరులో గ్యాసు ఉన్నదేగాని ఇది గ్యాసు కూడా కాదు, నూనెవంటి ద్రవం. గంధకం, క్లోరిన్ చేరిన పదార్థం. స్వచ్ఛమైనది రంగు లేనిది. మామూలుగా పసుపు, గోధుమ రంగులలో ఉంటుంది. సుమారు 14 సెంటిగ్రేడు డిగ్రీల వద్ద గడ్డకడుతుంది. మరగడానికి 217 డిగ్రీలు కావాలి. కనుక చలిదేశంలో నేలమీద, చెట్లమీద రోజుల తరబడి నిలిచి ఉంటుంది. మన పావగడ వేసవివంటి ఎండలో అయితే త్వరగా ఆవిరి లేస్తుంది. ఆ ఆవిరి గాలికంటే అయిదు రెట్లకు పైగా బరువు. కాబట్టి పైకి పోక గుంతలలో, కందకాలలో, నేలమాళిగలలో దిగి కూర్చుంటుంది. బట్టలోనుండి, తోలులోనుండి, మామూలు రబ్బరులోనుండి కూడా దూరిపోతుంది. క్లోరిన్‌కు ముసుగు చాలును; దీనికి ఒళ్ళంతా కాపాడుకోవాలి.

అన్నిటికంటే మోసం ఏమనగా, తగిలినప్పుడు నొప్పి ఉండదు. కొద్ది నిమిషాలలోనే చర్మంలోకి దిగి తన పని తాను చేస్తుంది. మనిషికి తెలిసేది మాత్రం రెండు గంటలనుండి ఒక రోజులోపల. ముందు కళ్ళు మండి, వాచి, మూసుకుపోతాయి. చర్మం ఎర్రబడి, దురదపెట్టి, పెద్ద పెద్ద బొబ్బలు లేస్తాయి. చెమటపట్టే చోట్ల, అంటే చంకలు, గజ్జలు, మెడ మీద, ఎక్కువ. ఆవిరి పీల్చినవారికి గొంతు పోయి, ఊపిరి గొట్టాల లోపొర ఊడివస్తుంది. ఎక్కువగా పట్టినవారికి ఎముకల మూలుగ దెబ్బతిని, రక్తకణాలు తగ్గిపోయి, చిన్న జబ్బుకు కూడా తట్టుకోలేక చనిపోతారు. దీనికి విరుగుడు మందు నేటికీ లేదు. వెంటనే బట్టలు విప్పి, సబ్బుతో, ధారాళంగా నీటితో కడగడం, కళ్ళలో నీళ్ళు పోయడం, ఆ చోటునుండి దూరంగా తీసుకొనిపోవడం ఇవే చేయగలిగినవి. నేలమీద పడినదానిని బ్లీచింగు పౌడరు విరిచేస్తుంది. దీనికి తోబుట్టువు అనదగిన లూయిసైట్ మరొకటి ఉన్నది. అది పాషాణం కలిసినది, అంటగానే మండుతుంది. దానికి రెండవ యుద్ధకాలంలో ఇంగ్లండులో విరుగుడు కనుగొన్నారు. కనిపించే శత్రువుకు మందు దొరికినది, కనిపించని దానికి దొరకలేదు.

ఇక హాల్డేన్ సంగతికి వద్దాము. యుద్ధం ముగిసి, కేంబ్రిడ్జిలో జీవరసాయన శాస్త్రం బోధిస్తూ, 1925లో వారు కాలినికస్ అనే చిన్న పుస్తకం ప్రకటించారు. ప్రాచీన గ్రీకుల అగ్నిద్రవాన్ని కనుగొన్నవాని పేరు అది. గ్యాసు యుద్ధం అమానుషమని లోకమంతా ఘోషిస్తూ, 1925 జూన్ 17న జెనీవాలో దేశాలు నిషేధ ఒప్పందం చేసుకుంటున్న ఆ యేడే, వారు ఎదురు వాదించారు. మస్టర్డు గ్యాసు తగిలిన నలభైమందిలో చనిపోయేది ఒకరు. మామూలు గుండ్లు తగిలిన ముగ్గురిలో ఒకరు చనిపోతారు. కనుక ఏది ఎక్కువ క్రూరమో లెక్క చూసి చెప్పండని వారి వాదం. బ్రిటిషు సైన్యం లెక్కలే వారికి ఆధారం. లెక్క తప్పు కాదు. క్లోరిన్‌ను తన ఊపిరితో పరీక్షించిన మనిషి ఈ మాట అంటే వినేవారు కూడా తేలికగా తోసివేయలేకపోయారు.

అయితే ఆ పుస్తకంలోనే మన మనసుకు ముల్లువలె గుచ్చుకునే మాట ఒకటి ఉన్నది. నల్లని చర్మంవారిలో చాలామందికి ఈ గ్యాసు అంతగా పొక్కదని, అటువంటివారితో పటాలాలు కూర్చి, తట్టుకోగల తెల్లవారిని వాటికి అధికారులుగా పెట్టవచ్చునని వారు సూచించారు. తన ఒంటిమీద తాను ప్రయోగం చేసుకోవడం వేరు. ఎదుటివాని ఒళ్ళు గట్టిదిలే అని లెక్క వేయడం వేరు. ఎంతటి మేధావికైనా ఈ గీత చెరిగిపోవచ్చునని మేము ఇక్కడ నేర్చుకున్నాము.

తరువాత జరిగినది వినండి. 1930ల తొలి యేళ్ళనుండి పదేళ్ళకు పైగా బ్రిటిషు రసాయన యుద్ధ కేంద్రమైన పోర్టన్ డౌన్ వారు రావల్పిండిలో కొన్ని వందల మంది భారతీయ సైనికుల మీద ఈ గ్యాసును పరీక్షించారు. ఇంగ్లీషువారి చర్మంకంటే భారతీయుల చర్మం ఎక్కువ దెబ్బతింటుందా అని చూడటం వారి ఉద్దేశాలలో ఒకటి. నిక్కరు, నూలు చొక్కా తొడిగించి కొందరిని గ్యాసు గదిలోకి పంపారు. పొక్కిపోయి ఆస్పత్రి పాలైనవారు ఉన్నారు. ఈ సంగతి పాత దస్తావేజులనుండి 2007లో పత్రికలకెక్కింది. ఆ పరీక్షలు హాల్డేన్ చేసినవి కావు, చేయించినవి కావు. కాని ఆ కాలపు పెద్దల ఆలోచన ఏ దారిన నడిచేదో తెలుసుకొనడానికి రెండింటిని పక్కపక్కన పెట్టి చూడక తప్పదు.

హాల్డేన్ జీవితం ఆ ఒక్క పుస్తకంతో ఆగలేదు. 1924 నుండి పదేళ్ళపాటు ప్రకృతి ఎంపికను గణితంలో పెట్టి వరుసగా వ్యాసాలు రాశారు. ఫిషర్, రైట్ గార్లతోపాటు జనసంఖ్యా జన్యుశాస్త్రానికి మూలపురుషులైనారు. 1932లో రాయల్ సొసైటీ సభ్యులు. 1933లో లండను యూనివర్సిటీ కాలేజిలో ప్రొఫెసరు. మలేరియా ఉండే ప్రాంతాలలో కొన్ని వంశపారంపర్య రక్తవ్యాధులు ఎందుకు నిలిచి ఉన్నవో 1949లో వారు చేసిన ఊహ తరువాత పరిశోధనలలో బలపడింది. స్పెయిను అంతర్యుద్ధకాలంలో మూడుమార్లు అక్కడికి వెళ్ళి, బాంబులనుండి ప్రజలను కాపాడే మార్గాలు పరిశీలించారు. నగరాలకు అసలు భయం గ్యాసు కాదు, పేలుడు బాంబులు. లోతైన సొరంగాలు కట్టండని 1938లో గ్రంథం రాశారు. రెండవ యుద్ధంలో ఇంగ్లండు నగరాలమీద గ్యాసు పడలేదు, బాంబులే పడ్డాయి.

1939 జూన్‌లో థెటిస్ అనే జలాంతర్గామి మునిగి 99 మంది చనిపోగా, కార్మిక సంఘాల తరపున విచారణకు పూనుకొని, నలుగురు మిత్రులతో ఉక్కుగదిలో గంటల తరబడి చెడుగాలి పీలుస్తూ కూర్చున్నారు. తరువాత నౌకాదళం కోసం చేసిన ప్రయోగాలలో ప్రాణవాయువు విషమించి మూర్ఛ వచ్చి, వెన్నుపూసలు నలిగాయి. కర్ణభేరి చిల్లిపడింది. అది పూర్తిగా మానకపోతే చుట్టపొగ చెవిలోనుండి వదలవచ్చునని తామే హాస్యమాడేవారు.

ఈలోగా మస్టర్డు గ్యాసు మాత్రం వారి లెక్కను మించిపోయినది. 1943 డిసెంబరు 2న ఇటలీలోని బారి రేవులో జర్మను విమానాలు ఓడలను ముంచాయి. అందులో జాన్ హార్వే అనే అమెరికా ఓడలో రహస్యంగా మస్టర్డు బాంబులు ఉన్నవి. చమురుతో కలిసిన ఆ నీటిలో ఈదివచ్చిన నావికులను తడిబట్టలతోనే కంబళ్ళు కప్పి కూర్చోబెట్టారు. డాక్టర్లకు సంగతి తెలియదు. ఆస్పత్రిలో చేరిన 628 మందిలో 83 మంది చనిపోయారు. అంటే దాదాపు ఎనిమిదిలో ఒకరు. నలభైలో ఒకరన్న లెక్క కాపుదల ఉన్న సైనికులది. సంగతి తెలియనివారి లెక్క ఇది. రశీదుమీద సరుకు పేరు సరిగా లేకుంటే ఏమగునో రైల్వే గుమాస్తాలమైన మాకు ఎవరూ వేరే చెప్పనక్కరలేదు.

మరొక లెక్క హాల్డేన్ సొంత శాస్త్రంలోనే తేలింది. 1940లలో ఎడింబరోలో షార్లట్ ఆవర్‌బాక్ అనే విదుషీమణి, రాబ్సన్ గారితో కలిసి, ఈ గ్యాసు పండ్ల ఈగలలో వంశబీజాలనే మార్చివేస్తుందని కనుగొన్నారు. యుద్ధ రహస్యం కనుక ఫలితాలు 1946 దాకా పైకి రాలేదు. జపానులో ఒకునోషిమా ద్వీపపు కర్మాగారంలో దీనిని తయారుచేసిన కార్మికులలో యేళ్ళ తరువాత ఊపిరితిత్తుల క్యాన్సరు ఎక్కువగా కనిపించింది. 1987 జూన్ 28న ఇరాన్‌లోని సర్దష్త్ పట్టణంమీద ఇరాకు విమానాలు మస్టర్డు బాంబులు వేశాయి. అక్కడ ప్రాణాలు దక్కినవారు దశాబ్దాల తరువాత కూడా ఆయాసంతో, కంటి జబ్బులతో బాధపడ్డారు. 1925నాటి లెక్కలో వెంటనే చనిపోయినవారు ఉన్నారుగాని, ఈ బ్రతికి బాధపడేవారు లేరు. ఆనాడు ఎవరికీ తెలియదు నిజమే. తెలియనప్పుడు వాదం కొంచెం మెల్లగా చేయవలసినది.

దీనిలో మంచి ఒకటి పుట్టకపోలేదు. మూలుగను అణచే ఈ గుణాన్ని చూసి, దీనికి దగ్గరి రసాయనాన్ని 1942లో అమెరికాలో క్యాన్సరు రోగులకు ఇచ్చారు. గడ్డలు కొంతకాలం కరిగాయి. నేటి క్యాన్సరు మందుల చరిత్రకు అది ఒక ఆరంభం.

1957లో హాల్డేన్ ఇంగ్లండు విడిచి, భార్య హెలెన్ స్పర్వే గారితో కలకత్తాకు వచ్చి, మహలనోబిస్ గారి స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటులో చేరారు. మన దుస్తులు ధరించారు, శాకాహారి అయినారు, భారత పౌరసత్వం తీసుకున్నారు. మన పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు గారు వారి శిష్యులై, తరువాత గురువుగారి జీవితచరిత్ర రాశారు. ఆంధ్రదేశంలో మేనరికపు పెళ్ళిళ్ళ ఫలితాలమీద మీరాఖాన్ గారితో కలిసి 1960లలో పరిశోధన చేసినది కూడా వీరే. పటాలాలను చర్మం రంగు చూసి కూర్చవచ్చునన్న మనిషి, చివరకు ఈ దేశపు కుర్రవాళ్ళను కూర్చోబెట్టుకొని, వారితో సమానంగా పనిచేశారు. మారినారని వారు ప్రకటించుకున్నట్టు మేము చెప్పడం లేదు. బ్రతికిన తీరు మాత్రం ఇది. 1962లో భువనేశ్వర్ వెళ్ళి అక్కడ జన్యుశాస్త్ర పరిశోధనాలయం నెలకొల్పారు.

తరువాత వారికి పురీషనాళపు క్యాన్సరు అని తేలింది. లండనులో శస్త్రచికిత్స చేయించుకొని, ఆ జబ్బుమీదనే హాస్యంగా పద్యం రాసి, అనుమానం వస్తే ఆలస్యం చేయక డాక్టరు వద్దకు పొండని జనానికి బోధించారు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశారు. బ్రతికినంతకాలం శాస్త్రానికి పనికివచ్చిన దేహం తరువాత కూడా పనికిరావాలని వీలునామా. దాని ప్రకారం వారి భౌతికకాయం కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజికి చేరింది.

మన దేశం కూడా ఈ విషయంలో నిర్దోషి కాదు. రసాయనాయుధాల నిషేధ ఒప్పందం 1997 ఏప్రిల్ 29న అమలులోకి రాగా, తనవద్ద వెయ్యి టన్నులకు పైగా మస్టర్డు ఉన్నదని భారతదేశం ఒప్పుకొని, 2009 నాటికి అంతా నాశనం చేసింది. ప్రపంచ దేశాలు ప్రకటించిన నిలువలన్నీ 2023 జులైలో ముగిసినవి. సముద్రాలలో పారవేసినవి మాత్రం ఇంకా ఉన్నవి. బాల్టిక్ సముద్రంలో చేపలవారి వలలకు తగిలి చేతులు పొక్కించిన సందర్భాలున్నవి.

పావగడ తాలూకాలో స్థిరపడిన మన కుటుంబాలకు చుట్టూ దాదాపు ఆంధ్రదేశమే. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. పుట్టిన నేల ఒకటి, బ్రతికే నేల ఒకటి అయినవారికి హాల్డేన్ పరాయివాడు కాడు. మస్టర్డు గ్యాసు మన ఊరికి రాదు. కాని వేరుశనగ చేలో మందు కొట్టేవారున్నారు, పేరు సరిగాలేని డబ్బాలు మోసేవారున్నారు. నొప్పి లేదు కదా అని ఊరుకోకండి. అంటిన బట్ట వెంటనే తీసివేయండి, నీళ్ళు ధారాళంగా పోయండి, డబ్బా చీటీ డాక్టరుకు చూపండి.

మా హమాలీ చేయి మానింది. మచ్చ ఉన్నది. అతడు ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు. ఆనాటినుండి కారే డబ్బా వద్దకు ముందు మేము పోయి, చీటీ చదివి, పంపినవారికి ఫోను చేసి, ఆ తరువాతే మరొకరిని పిలుస్తున్నాము. హాల్డేన్ మహాశయుని జీవితం మొత్తంలో మాబోటివారికి అందినది ఆ పాటి.